ప్రోస్టేట్ వాపు మీద పల్లేరు సారం పనిచేస్తుందా? ల్యాబులో తేల్చే పద్ధతి

మూత్రం సాఫీగా రావట్లేదంటే పల్లేరు కాయో, అటికమామిడి వేరో, ఉలిమిరి పట్టో చెప్పే పెద్దమనిషి సీమలో ప్రతి ఊళ్లో ఉంటాడు. అనంతపురం, కడప, కర్నూలు ఫార్మసీ కాలేజీల్లో ఎం.ఫార్మ్ ప్రాజెక్టుకు ఈ మొక్కలే ముందుకు రావడానికి కారణం అదే. సారం తీసి, ఎలుకకు పట్టించి, మగవాళ్లలో పెరిగి మూత్రానికి అడ్డుపడే ప్రోస్టేట్ గ్రంథి తగ్గిందని రాసేయడం పెద్ద కష్టం కాదు. ఇంజెక్షన్ నూనె కారిపోయినా, ఎలుక తిండి మానేసినా, సారానికి ముదురు రంగు ఉన్నా మందు పనిచేసినట్టే కనబడుతుంది. కాబట్టి కింది పద్ధతిలో ప్రతి మెట్టు దగ్గరా చేయాల్సిన పనితో పాటు, ఉత్తి పుణ్యానికి మంచి ఫలితం ఎక్కడ వచ్చేస్తుందో కూడా చెబుతున్నాం. ఉదాహరణకు పల్లేరు కాయ తీసుకున్నాం. ఉలిమిరి అయినా, అటికమామిడి అయినా వరస ఇదే.

ముందు మొక్క ఏదో తేల్చండి

పచారీ కొట్లో గోక్షుర అని అడిగితే రెండు వేర్వేరు కాయలు రావచ్చు. ఒకటి చిన్న పల్లేరు, ట్రైబ్యులస్ టెరెస్ట్రిస్. నేలమీద పాకుతుంది. శనగాకులాంటి చిన్న ఆకులు జంటలుగా ఉంటాయి, నూగు ఉంటుంది. ఎండిన కాయ ఐదు ముక్కలుగా విడిపోతుంది, ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లు, రెండు చిన్న ముళ్లు. రెండోది ఏనుగు పల్లేరు, పెడాలియం మ్యూరెక్స్. ఆకు మందంగా, అంచులు పళ్లు పళ్లుగా ఉంటుంది. కాయ నాలుగు పలకలుగా ఉండి అడుగున నాలుగు ముళ్లుంటాయి. పచ్చిమొక్క దొరికితే అనుమానం తీర్చుకోవడం ఒక్క నిమిషం పని: కొమ్మను గ్లాసుడు నీళ్లలో ముంచి గిరగిరా తిప్పండి. ఏనుగు పల్లేరైతే నీళ్లు జిగురెక్కి తీగ సాగుతాయి. చిన్న పల్లేరు అలా చేయదు. రెండింటి రసాయనాలూ వేరు కాబట్టి కాయలు కలిసిపోతే ఆ తర్వాత చేసిన పనంతా వృథా.

పువ్వు, కాయ, ఆకు ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి హెర్బేరియం షీటు చేయండి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం బోటనీ విభాగం లాంటి చోట గుర్తింపు రాయించుకుని వోచరు నంబరు తీసుకోండి. పునర్నవ అనే అటికమామిడికీ ఇదే గొడవ. తెల్ల గలిజేరును పునర్నవ పేరుతో అమ్మడం మామూలే.

కాయలను పత్తి, వేరుశెనగ చేలల్లో ఏరకండి. పురుగుమందు అవశేషాలు సారంలోకి దిగి, ఎలుక కాలేయం మీద కనిపించే ప్రభావం పల్లేరుదో పురుగుమందుదో తేలదు. కొన్నేళ్లుగా సాగులో లేని బీడు వెతకండి. అడవిలో సేకరణకు అటవీ శాఖ అనుమతి కావాలి. వాపుల మీద ఎర్రచందనం చేవను పరీక్షించాలనుకునేవాళ్లు కడప వైపు ఎక్కువ. శేషాచలం, లంకమల ప్రాంతాల చెట్టు అది, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. కాగితం లేని చెక్కముక్క ల్యాబు గడప తొక్కకూడదు.

సారం: ఎంత కావాలో లెక్కేసి ఒకేసారి తీయండి

పనంతా ఒకే బ్యాచి సారంతో జరగాలి. సగంలో అయిపోయి మళ్లీ తీస్తే రెండో సారం మొదటిదానిలా ఉండదు. లెక్క ఇలా వేయండి. కిలో శరీర బరువుకు 100, 200, 400 మి.గ్రా. చొప్పున మూడు గ్రూపులు, గ్రూపుకు 8 ఎలుకలు, సగటు బరువు 250 గ్రా. అంటే రోజుకు 1.4 గ్రా., 28 రోజులకు సుమారు 39 గ్రా. టెస్టోస్టిరాన్ లేకుండా 400 మోతాదు ఒక్కటే ఇచ్చే గ్రూపుకు మరో 22 గ్రా. విష పరీక్ష, పాదం వాపు పరీక్ష, వృథా కలుపుకుంటే 80 గ్రా. చేతిలో ఉండాలి. దిగుబడి 12 శాతం వస్తుందనుకుంటే 670 గ్రా. పొడి. 800 గ్రా. పెట్టుకోండి. దిగుబడి ఎంతో ముందు 50 గ్రాములతో చూసుకోండి.

కాయలను కడిగి నీడన ఆరబెట్టండి. సీమ ఎండకు ఐదారు రోజులు చాలు. నేరుగా ఎండలో పెడితే రంగు పోతుంది. దంచి 40 నంబరు జల్లెడ పట్టండి. మరీ మెత్తగా చేస్తే వడపోత మొండికేస్తుంది. 1 గ్రా. పొడికి 10 మి.లీ. చొప్పున 70 శాతం ఇథనాల్ పోసి, మూత పెట్టి, అప్పుడప్పుడూ కదుపుతూ 72 గంటలు నానబెట్టండి. గుడ్డతో, తర్వాత వాట్‌మన్ 1 నంబరు కాగితంతో వడకట్టండి. పిప్పిని మరోసారి తడిపి వడకట్టి రెండూ కలపండి.

నీళ్లు డిస్టిల్డ్ వాటరే వాడండి. అనంతపురం బోరు నీళ్లలో ఉప్పు, ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. లీటరుకు 1 గ్రా. లవణాలున్న నీటితో 100 గ్రా. పొడికి కషాయం కాచి ఇగిరిస్తే, చేతికొచ్చే 12 గ్రాముల్లో 1 గ్రా. బోరు ఉప్పే.

ఇథనాల్‌ను తక్కువ వేడిలో ఇగిర్చే రోటరీ ఎవాపరేటరు దగ్గర రెండు తలనొప్పులు. పల్లేరులో సాపోనిన్లు ఎక్కువ, వాక్యూమ్ ఒక్కసారిగా పెంచితే నురగ పొంగి కండెన్సరులోకి ఎగబాకుతుంది. ఫ్లాస్కును మూడో వంతు మించి నింపకండి, వాక్యూమ్ మెల్లగా పెంచండి, నురగ లేస్తే కొంచెం ఇథనాల్ చేర్చండి. రెండోది వేసవి. బాత్ 45 డిగ్రీలుంటే కండెన్సరులో తిరిగే నీళ్లు 5 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో ట్యాంకు నీళ్లే గోరువెచ్చగా వస్తాయి, ఆల్కహాల్ చల్లబడక పంపులోకి పోతుంది. ఐస్ వేసిన బకెట్లో చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టి నీళ్లు తిప్పితే సరిపోతుంది. చివరి తేమను డెసికేటరులో తీసి, రంగు సీసాలో 4 డిగ్రీల దగ్గర దాచండి.

చాలా థీసిస్‌లలో మొదటి మెట్టుగా పెట్రోలియం ఈథరుతో కొవ్వు తీసేసి పారబోస్తారు. ప్రోస్టేట్ పనికి అది పొరపాటు. బీటా సిటోస్టెరాల్ అనే మొక్కల స్టెరాల్, కొవ్వు ఆమ్లాలు ఆ పారబోసిన దాంట్లోనే ఉంటాయి. అమెరికాలో ప్రోస్టేట్‌కు పేరున్న సా పామెట్టో అనే మొక్క సారం కూడా కొవ్వులో కరిగేదే. కొవ్వు భాగం తీస్తే దాన్నీ ఆరబెట్టి విడిగా పరీక్షించండి. పదార్థాలను చుక్కలుగా విడదీసి చూపే టీఎల్‌సీ పలక మీద మీ సారం, బీటా సిటోస్టెరాల్ పక్కపక్కన నడిపి, అనిసాల్డిహైడ్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి 105 డిగ్రీల దగ్గర వేడి చేయండి. ఊదారంగు చుక్క సరైన ఎత్తులో రావాలి. పలకను ఫొటో తీసుకోండి.

అనుమతి, విష పరీక్ష

కాలేజీ జంతు నైతిక కమిటీకి ఫారం బి పెట్టి అనుమతి వచ్చాకే ఎలుకలు కొనాలి. పైనుంచి చూసే సంస్థ సీసీఎస్ఈఏ, పాత పేరు సీపీసీఎస్ఈఏ. రిజిస్టరైన బ్రీడరు దగ్గరే కొనండి. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో తెప్పిస్తే రాత్రి బండిలో తెప్పించండి, పగటి ఎండకు పెట్టెల్లోనే చస్తాయి. వచ్చాక 7 రోజులు అలవాటు పడనివ్వండి. గది 22 డిగ్రీలు, అటూ ఇటూ 3. 12 గంటలు వెలుతురు, 12 గంటలు చీకటి. ఏసీకి జనరేటరు లేని యానిమల్ హౌస్‌లో ఏప్రిల్, మే నెలల్లో 28 రోజుల ప్రయోగం మొదలుపెట్టకండి.

విషం ఓఈసీడీ 423 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం చూడండి. మూడు ఆడ ఎలుకలకు కిలోకు 2000 మి.గ్రా. ఇచ్చి 14 రోజులు గమనించండి, తర్వాత మరో మూడింటితో. ఏదీ చావకపోతే అందులో పదో వంతు, ఐదో వంతు, అంటే 200, 400 మి.గ్రా. పని మోతాదులవుతాయి.

పాదం వాపు

సారానికి వాపు తగ్గించే గుణం ఉందో లేదో చూసే ఒక్కరోజు పని ఇది. 150–200 గ్రా. ఎలుకలు, గ్రూపుకు 6. రాత్రి తిండి ఆపండి, నీళ్లు ఆపకండి. వాపు పుట్టించే ల్యామ్డా క్యారజీనన్ 1 శాతం సెలైన్‌లో ముందురోజే కలిపి పెట్టండి. అప్పటికప్పుడు కలిపితే ఉండలు నిలిచి సూదికి అడ్డం పడతాయి. ఐస్‌క్రీముల్లో వాడే కప్పా రకం గడ్డకడుతుంది, కొనేముందు సీసా మీద రకం పేరు చదవండి.

వెనక కుడి పాదానికి చీలమండ దగ్గర చెరగని మార్కరుతో గీత గీయండి. పాదం ఎంత ఉబ్బిందో కొలిచే ప్లెథిస్మోమీటరులో ప్రతిసారీ ఆ గీత వరకే ముంచాలి. రెండు మిల్లీమీటర్లు లోతుకు పోయినా మందు ఇచ్చిన తేడా అందులో కొట్టుకుపోతుంది. పాదరసం పరికరం ఇంకా వాడుతుంటే మానేయండి, నీటితో పనిచేసే డిజిటల్ రకం ఉంది. ప్రతి కొలత మూడుసార్లు తీసి సగటు రాయండి.

సారం నోటి గొట్టంతో ఇచ్చిన గంటకు అరికాలి చర్మం కింద 0.1 మి.లీ. క్యారజీనన్. పోలికకు ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించే నొప్పిమందు డైక్లోఫెనాక్ కిలోకు 10 మి.గ్రా. 1, 2, 3, 4, 5 గంటలకు కొలవండి. మొదటి గంటన్నరలో వాపు హిస్టమిన్, సెరటోనిన్ వల్ల, మూడో గంట నుంచి ప్రోస్టాగ్లాండిన్ల వల్ల. మొదటి గంటలోనే తగ్గించి తర్వాత చేతులెత్తేసిన సారాన్ని డైక్లోఫెనాక్‌తో పోల్చడం తప్పు.

సారాన్ని పొట్టలోకి ఇంజెక్ట్ చేయొద్దు. పొట్టలో మంట పుట్టించే పదార్థం ఏదైనా పాదం వాపును తగ్గిస్తుంది. అది మందు గుణం కాదు.

ఎలుకల్లేకుండా, ఆల్బుమిన్ ప్రొటీన్ వేడికి విరగకుండా సారం ఆపుతుందా అనే పరీక్ష చేసి సరిపెడుతున్నారు. టానిన్లున్న ఏ సారమైనా ప్రొటీన్‌కు అంటుకుంటుంది, సారం రంగు కూడా కలరీమీటరులో లెక్కకొస్తుంది. సారం రంగును విడిగా కొలిచి తీసేసే బ్లాంక్ లేని ఆ అంకెలను నమ్మకండి. రా 264.7 అనే ఎలుక రోగనిరోధక కణాలు వదిలే నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రైట్‌గా కొలిచే గ్రీస్ పరీక్ష మెరుగు. కణాలను రెచ్చగొట్టే ఎల్‌పీఎస్ మి.లీ.కు 1 మైక్రోగ్రామ్, 540 నానోమీటర్ల దగ్గర రీడింగు. అక్కడా సారానికి సొంత బ్లాంక్ పెట్టండి. కణాలు చచ్చినా నైట్రైట్ తగ్గుతుంది కాబట్టి కణాలు బతికున్నాయో లేదో చూపే ఎంటీటీ పరీక్ష పక్కనే చేయాలి.

పాదం వాపు తగ్గిందంటే సారానికి వాపు తగ్గించే గుణం ఉందని మాత్రమే. ప్రోస్టేట్ గురించి అది ఏమీ చెప్పదు.

ప్రోస్టేట్: 28 రోజులు

టెస్టోస్టిరాన్‌ను 5 ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైమ్ డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది, గ్రంథిని పెంచేది అదే. ప్రోస్టేట్ మందు ఫినాస్టరైడ్ ఆపేది ఈ మెట్టునే. ఎలుకకు బయటి నుంచి టెస్టోస్టిరాన్ పోస్తే గ్రంథి పెరుగుతుంది. మగ ఎలుకలు, 8–10 వారాలు, 200–250 గ్రా. గ్రూపులు ఏడు: ఉత్త నూనె, టెస్టోస్టిరాన్, టెస్టోస్టిరాన్‌తో పాటు ఫినాస్టరైడ్ కిలోకు 5 మి.గ్రా.; టెస్టోస్టిరాన్‌తో పాటు సారం మూడు మోతాదులు; టెస్టోస్టిరాన్ లేకుండా పెద్ద మోతాదు సారం. చివరిది చాలామంది వదిలేస్తారు. మామూలు గ్రంథినే సారం కుదించేస్తోందా అన్నది చెప్పేది ఆ గ్రూపే.

వృషణాలు తీయని ఎలుకల్లో సొంత హార్మోను కూడా ఉంటుంది. సారం వృషణాల మీద పనిచేసినా ప్రోస్టేట్ తగ్గుతుంది. మత్తిచ్చి వృషణాలు తీసి, వారం ఆగి మొదలుపెడితే ఆ అనుమానం పోతుంది. అనుమతి పత్రంలో ఆ శస్త్రచికిత్స ముందే రాసుండాలి.

టెస్టోస్టిరాన్ ప్రొపియోనేట్ కిలోకు 3 మి.గ్రా., రోజూ చర్మం కింద. మి.లీ.కు 3 మి.గ్రా. చొప్పున కలిపితే 200 గ్రా. ఎలుకకు 0.2 మి.లీ. ఆంప్యూల్ వాడితే ఏ ఎస్టరో చదవండి, ఎనాంథేట్ నెమ్మదిగా విడుదలవుతుంది, రోజూ ఇచ్చే లెక్కకు కుదరదు. వేరుశెనగ నూనె పనికొస్తుంది కానీ గానుగ నూనె కాదు, ఫార్మకోపియా గ్రేడు. 160 డిగ్రీల పొడి వేడిలో 2 గంటలు ఉంచి, చల్లారాకే హార్మోను కలపండి. 24 గేజి సూది తీసుకోండి, సన్నదైతే నూనె దిగదు. గుచ్చాక పిస్టన్ నొక్కి పది సెకన్లు ఆగి, సూది తీసి, ఆ చోటును వేలితో అదిమి పట్టండి. బొచ్చు మీద నూనె మెరిసిందంటే మోతాదు బయటికొచ్చింది. ఆ రోజు ఆ ఎలుక పేరు పక్కన గుర్తు పెట్టండి. నూనె కారిన ఎలుకలు సారం గ్రూపులో ఎక్కువుంటే సారం బ్రహ్మాండంగా పనిచేసినట్టు తేలుతుంది. చోటు రోజూ మార్చండి.

సారాన్ని 0.5 శాతం సీఎంసీ అనే చిక్కదనమిచ్చే పొడి ద్రావణంలో కలపండి. నీళ్లు తిరుగుతుండగా సీఎంసీ పైన చల్లి రాత్రంతా వదిలేస్తే ఉండలుండవు. 10 మి.లీ./కిలో మించకుండా, ఇంజెక్షన్‌కు గంట ముందు, రోజూ అదే వేళకు. సీసా ప్రతి ఎలుకకూ ముందు కదపండి, లేకపోతే మొదటి ఎలుకకు నీళ్లు, చివరిదానికి మడ్డి పోతాయి. ఫినాస్టరైడ్ మాత్రలను నూరే పని గర్భిణులు, గర్భం వచ్చే అవకాశమున్నవాళ్లు చేయకూడదు, మగపిండానికి హాని. మిగతావాళ్లూ గ్లవ్స్ వేసుకోవాలి.

మూడు రోజులకోసారి బరువు తూచి మోతాదు సవరించండి. మేత కూడా తూచండి. పల్లేరు ఎక్కువగా మేసిన గొర్రెలకు కాలేయం దెబ్బతిని, ఎండకు ముఖం వాచే జబ్బు దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో బాగా తెలిసినదే. కాబట్టి చివర్లో కాలేయానికి చేసే రక్త పరీక్షలు ఏఎల్‌టీ, ఏఎస్‌టీ తప్పనిసరి.

29వ రోజు బల్ల మీద

గ్రూపు తెలియకుండా కోడ్ నంబర్లు వేసి, ఒకే మనిషి అన్నిటినీ కోయాలి. గ్రూపుల వారీగా వద్దు, కలగలిపి. మత్తిచ్చి రక్తం తీశాక పొత్తికడుపు తెరవండి. మూత్రాశయం ఎత్తితే దాని మెడ కింద రెండు లేత తమ్మెలు కనిపిస్తాయి, అదే వెంట్రల్ ప్రోస్టేట్. బరువు కొన్ని వందల మిల్లీగ్రాములే. పైన కొమ్ముల్లా వంగి తెల్లగా ఉబ్బి ఉండేవి సెమినల్ వెసికిల్స్, వాటి లోపలి వంపుకు అంటుకుని కోయాగ్యులేటింగ్ గ్రంథి ఉంటుంది. కత్తెర అటు తగిలితే ద్రవం కారి మొత్తం తడిసి బరువు మారిపోతుంది. ముందు వెంట్రల్ తమ్మెలు తీసి చల్లని సెలైన్ తడి ఉన్న గిన్నెలో పెట్టండి, చిమటాతో కొవ్వు తీయండి, ఫిల్టరు కాగితం మీద ఒక్కసారి అద్ది వెంటనే 0.1 మి.గ్రా. వరకు తూచండి. ఫ్యాను గాలికి వదిలేస్తే ఆరిపోయి తేలికవుతుంది.

ఒక తమ్మె పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లోకి, రెండోది మైనస్ 80లోకి. కణజాల పలకలు 5 మైక్రాన్లు. తమ్మెలో ఒకే చోటి నుంచి కోయండి, ఎందుకంటే నాళం చివర కణాలు పొడుగ్గా, మొదట్లో పొట్టిగా ఉంటాయి. ఎలుకకు పది చోట్ల ఎపిథీలియం ఎత్తు కొలవండి.

మనుషుల్లో ప్రోస్టేట్ పరీక్షకు చూసే ప్రొటీన్ పీఎస్‌ఏను ఎలుక రక్తంలో చూపించకండి. ఎలుకకు పీఎస్‌ఏ జన్యువే లేదు. మనుషుల కిట్టుతో వచ్చిన అంకె దేనిదో ఎవరూ చెప్పలేరు, అయినా అచ్చవుతూనే ఉంది. డైహైడ్రోటెస్టోస్టిరాన్ ఎలిసా కిట్టు కరపత్రంలో టెస్టోస్టిరాన్‌తో క్రాస్ రియాక్షన్ ఎంత శాతమో చూడండి. ఇంజెక్షన్ తిన్న ఎలుకలో టెస్టోస్టిరాన్ అంత ఎక్కువుంటే చిన్న శాతమైనా అంకెను లేపేస్తుంది. గ్రంథిలో వాపు కోసం వాపును సూచించే ప్రొటీన్లు టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఐఎల్ 1 బీటా ఆ మైనస్ 80 తమ్మె నుంచే కొలవండి. పాదం వాపు ఫలితాన్ని ప్రోస్టేట్‌తో కలపగలిగేది ఇవే.

లెక్క

ఉత్త నూనె గ్రూపులో గ్రంథి 350 మి.గ్రా., టెస్టోస్టిరాన్ గ్రూపులో 700, సారం గ్రూపులో 560 అనుకోండి. పెరిగింది 350, సారం ఉన్నా పెరిగింది 210, అంటే 60 శాతం. ఆపింది 40 శాతం. 560కి 700కి పోల్చి 20 శాతం తగ్గిందని రాసేవాళ్లున్నారు, మామూలు గ్రంథిని మర్చిపోతారు.

గ్రంథి బరువు ఒక్కటే గానీ, శరీర బరువుతో దాని నిష్పత్తి ఒక్కటే గానీ ఇవ్వకండి. 300 గ్రా. ఎలుకలో 600 మి.గ్రా. గ్రంథి ఉంటే నిష్పత్తి 2. తిండి మానేసి ఎలుక 250కి, గ్రంథి 500కి తగ్గినా నిష్పత్తి 2నే. గ్రంథి బరువు మాత్రం చూపిస్తే మందు పనిచేసినట్టుంటుంది. గ్రంథి బరువు, శరీర బరువు, మేత, మూడూ ఒకే పట్టికలో పెట్టండి. గ్రూపుల తేడా నిజమో కాదో తేల్చడానికి అనోవా, తర్వాత డనెట్ గణాంక పరీక్షలు. వాపు పరీక్షకు గంటలవారీ కొలతలు ఒకే ఎలుకవి కాబట్టి రిపీటెడ్ మెజర్స్. సగటు పక్కన ఎస్‌ఈఎమ్ (సగటు ప్రామాణిక దోషం) కాకుండా ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) ఇవ్వండి.

ఎలుక వెంట్రల్ తమ్మెకు మనిషిలో సరిజోడు లేదు. మనిషికి పెరిగేది మూత్రనాళం చుట్టూ ఉండే ట్రాన్సిషన్ జోన్. సా పామెట్టో రోజుకు 320 మి.గ్రా. ఇచ్చి 2006లో, 960 వరకు పెంచి 2011లో అమెరికాలో మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదు. కాబట్టి 400 మి.గ్రా. మోతాదు పనిచేసిందని రాసేముందు మనిషి మోతాదు కట్టండి: శరీర ఉపరితలం లెక్క ప్రకారం 400ను 6తో గుణించి 37తో భాగిస్తే కిలోకు 65 మి.గ్రా., 60 కిలోల మనిషికి 3.9 గ్రా. సారం. 12 శాతం దిగుబడి లెక్కన రోజుకు 32 గ్రాముల పల్లేరు పొడి. రోజూ అంత తాగడం కష్టం. ఆ స్థితిలో తర్వాతి పని మోతాదు పెంచడం కాదు. సారాన్ని పెట్రోలియం ఈథర్, ఇథైల్ అసిటేట్, బ్యూటనాల్, నీటి భాగాలుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ ముందు 5 ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైమ్ పరీక్షలో చూసి, మిగిలిన ఒకటి రెండింటితోనే మళ్లీ ఎలుకల దగ్గరికి వెళ్లాలి. ఎంజైమ్‌ను ఎలుక కాలేయం నుంచి తీస్తే అందులో ఎక్కువగా ఉండేది టైప్ 1, మనుషుల్లో ఫినాస్టరైడ్ ముఖ్యంగా ఆపేది టైప్ 2. కాబట్టి పోలికకు అక్కడ రెండు రకాలనూ ఆపే డ్యూటాస్టరైడ్ పెట్టుకోండి.